మేనేజరు గారి మెడ

సోమవారం పదకొండు గంటలకు వచ్చిన వైరవనాథన్ సార్ ఒంటిగంట కావస్తున్నా కౌంటరు ముందు నుంచి లేవలేదు. ముప్పై ఒక్క ఫ్రేములు పెట్టుకున్నాడు, ముప్పై ఒకటీ తీసేశాడు. పెట్టుకున్న ప్రతిసారీ అద్దంలో చూసుకుంటూ గడ్డం పైకెత్తడం, ఎడమకి తిరగడం, కుడికి తిరగడం, పెదవి విరవడం. తీసినవాటిని మడవకుండా ట్రేలోకి విసిరేవాడు. వాటిని తుడిచి, మడిచి, మళ్ళీ గోడ మీద వాటి చోట్లో పెట్టడం ఇసక్కి పని.

ఇసక్కియమ్మాళ్‌కి ముప్పై ఆరేళ్ళు. తిరునెల్వేలి వణ్ణారపేటలో అందరూ అన్నాచ్చి, అంటే అన్నగారూ అని పిలిచే తంగపాండి కళ్ళద్దాల కొట్టులో పదమూడేళ్ళుగా ఫిట్టింగ్ చేస్తోంది. మనిషి మంచిదే. పగ పడితే మాత్రం వదలదు. సాంబారులో పులుపెక్కువైందన్న ఒక్క మాటకి వదినతో మూడేళ్ళు మాట్లాడలేదు. ఉగ్రదేవత ఇసక్కి అమ్మవారి పేరు పెట్టుకున్నాక ఆ మాత్రం ఉండదా అని అన్నాచ్చి నవ్వేవాడు.

"ఏమ్మా, ఇందులో ఎలా ఉన్నాను? నిజం చెప్పు," అన్నాడు వైరవనాథన్.

"బాగున్నారు సార్."

"బాగుండటం కాదమ్మా కావలసింది. వచ్చే వారం గురువారం చెన్నై నుంచి మా చైర్మన్ వస్తున్నారు, జనరల్ మేనేజర్ పోస్టుకి మనుషుల్ని చూడ్డానికి. నేను గదిలో అడుగుపెట్టగానే, వీడు పెద్ద కుర్చీలో కూర్చోడానికే పుట్టాడ్రా అనిపించాలి. అర్థమైందా?"

అర్థం కాకేం. జంక్షన్ దగ్గరి టైల్స్ కంపెనీ ఆఫీసుకి ఆయన మేనేజరు. కళ్ళు నెత్తికెక్కిన మనిషని బజారంతా చెప్పుకుంటుంది. ఆయన వెనక స్టూలు మీద ఆయన ఫోనూ, బ్యాగూ ఒళ్ళో పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుంది. పేరు యాళిని, ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడే ఉద్యోగం. ఇరవై మూడేళ్ళుంటాయి. మందపాటి అద్దాలు. వాటి వెనక కళ్ళు చిన్న చిన్నగా కనిపిస్తున్నాయి.

"అన్నాచ్చీ, మీ దగ్గర కంట్లో పెట్టుకునే లెన్సులున్నాయా? ఈ పిల్లకి కావాలి," అన్నాడు వైరవనాథన్.

"నాకొద్దు సార్. పోయినేడు పెట్టుకుంటే కళ్ళు మండి..." అంది యాళిని చిన్నగా.

"నీకొద్దులే. ఆఫీసుకి కావాలి. గుమ్మంలో అడుగుపెట్టినవాడికి మొదట కనిపించేది నువ్వు. సోడాబుడ్డి వేసుకుని కూర్చుంటే వాడు టైల్స్ కొనడానికొచ్చానా, కంటాసుపత్రికొచ్చానా అని వెనక్కి పోడూ? ఏదీ, ఆ అద్దాలు తియ్యి."

యాళిని కదల్లేదు.

"తియ్యమన్నాను కదా. అందరం మన మనుషులమే."

ఆమె తీసింది. ఆయన ఆ అద్దాల్ని చేతిలోంచి లాక్కుని, తను వద్దన్న ఫ్రేముల ట్రేలో పడేశాడు. "చూడండన్నాచ్చీ, ఇప్పుడు మొహం ఎంత లక్షణంగా ఉందో! ఏదీ, ఎదురుగా ఉన్న ఆ బోర్డు చదువు."

ఎదురుగా ఉన్నది మిఠాయి దుకాణం బోర్డు, మూరెడేసి అక్షరాలు. యాళిని రెండు కళ్ళూ చికిలించి చూసింది. కొట్టులో ఇంకో ఇద్దరు కొనేవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు.

"చదవలేదు! రేపు నేనెదురొచ్చినా స్తంభమనుకుంటుంది," అని వైరవనాథన్ పగలబడి నవ్వాడు. "ఈ నెలాఖరుకి లెన్సులు పెట్టుకున్నావా, ముందు బల్ల నీదే. లేదా, గోడౌన్లో పెంకులు లెక్కపెట్టుకో. అక్కడ నీ మొహం ఎవడూ చూడడు."

యాళిని ట్రేలో తడుముకుంటోంది. ముప్పై ఫ్రేముల మధ్య తన అద్దాలు ఎక్కడున్నాయో ఆమెకి కనిపించడం లేదు. ఒక ఫ్రేము కింద పడింది. ఇసక్కి వంగి, ఆ పిల్ల అద్దాలు వెతికి, మెత్తని గుడ్డతో తుడిచి, తన చేతులతోనే చెవుల వెనక పెట్టింది. ఆ పిల్ల చెంపలు వేడిగా ఉన్నాయి.

"ఓహో, నువ్వూ సోడాబుడ్డి జాతేనా!" అన్నాడు వైరవనాథన్ ఇసక్కి ముఖాన్నీ, దాని మీది మందపాటి అద్దాల్నీ అప్పుడే చూసినట్టు. "అందుకే అంత ప్రేమ."

ఇసక్కికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మెడ వంచకపోతే నా పేరు ఇసక్కే కాదు అనుకుంది. అనుకున్న మరుక్షణం, పదమూడేళ్ళ పనితనం ఆమెకి దారి చూపించింది.

వైరవనాథన్ అప్పటికి లావుపాటి నల్ల ప్లాస్టిక్ ఫ్రేము పెట్టుకుని ముచ్చటపడుతున్నాడు. నిజానికి ఆయన పలకలాంటి ముఖానికి అది బాగానే నప్పింది. కానీ ఆ ఫ్రేముకి ముక్కు దగ్గర ఉన్నదంతా ఒకటే ముద్ద. దాన్ని వంచడానికీ లేదు, ఎత్తడానికీ లేదు.

"సార్, నిజం చెప్పమన్నారు కదా. ఇందులో మీరు లెక్కల మాస్టారులా ఉన్నారు," అంది.

ఆయన టక్కున తీసేశాడు.

ఇసక్కి సొరుగు లాగి, మసిరంగు సన్నటి లోహపు ఫ్రేము తీసింది. ముక్కుకి రెండు పక్కలా చిన్న తీగలు, తీగల చివర పెసరగింజంత మెత్తలు. "ఇది చూడండి. నుదురు విశాలంగా కనిపిస్తుంది, కనుబొమలు కనిపిస్తాయి. పెద్దవాళ్ళకి అద్దాలు కనిపించకూడదు సార్, మనిషి కనిపించాలి."

ఆ మాట పనిచేసింది. వైరవనాథన్ గడ్డం పైకెత్తి, ఎడమకి తిరిగి, కుడికి తిరిగి, ఈసారి పెదవి విరవలేదు.

ఆయనకి కావలసింది దూరానికీ, దగ్గరికీ ఒకే అద్దం. అద్దం పైభాగంలోంచి దూరం, కిందిభాగంలోంచి పుస్తకం. మధ్యలో గీత ఉండదు. అందుకే కంటిపాప ఎక్కడ పడుతుందో కొలత తప్పకూడదు. ఇసక్కి ఆయన ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూసి, చిన్న స్కేలు ముక్కు మీద ఆనించి కొలిచింది. ఫ్రేములోని ఉత్తుత్తి అద్దాల మీద పెన్నుతో రెండు చుక్కలు పెట్టింది. చుక్కలు సరిగ్గా పెట్టింది. కాగితం మీదికెక్కే పనిలో ఆమె చెయ్యి ఎప్పుడూ తప్పు చెయ్యదు.

"ఈ గురువారానికే వచ్చేస్తాయి సార్."

"గురువారం మంచి వేళ ఎప్పుడు?"

అన్నాచ్చి గోడ మీది క్యాలెండరు చూశాడు. "పదీ ముప్పావు నుంచి పదకొండూ ముప్పావు."

"ఆ లోపలే పెట్టుకుంటాను. మంచి వేళ దాటితే ముట్టుకోను కూడా."

గురువారం వైరవనాథన్ పదకొండూ ముప్పై ఎనిమిదికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. దారిలో వంతెన మీద లారీ అడ్డం తిరిగిందట. చెమటలు కక్కుతూ, "టైమెంత? టైమెంత?" అంటూ మెట్లెక్కాడు.

ఏడు నిమిషాలుంది. మామూలుగా ఈ రకం అద్దాలు తీసుకునే ప్రతి ఒక్కరినీ ఇసక్కి పావుగంట కూర్చోబెడుతుంది. పేపరు చదివిస్తుంది, ఎదురు బోర్డు చదివిస్తుంది, మెట్లు దింపి ఎక్కిస్తుంది, తర్వాత గాని డబ్బా చేతికివ్వదు. ఆవేళ ఏ ఒక్కటీ చెయ్యలేదు. చెయ్యనివ్వనిది ఆయనే. దానికి అన్నాచ్చే సాక్షి.

"ఒక్క నిమిషం సార్, ముక్కు దగ్గర సరిచేస్తాను," అంది.

సన్నమూతి పట్టకారు తీసుకుంది. మెత్తల తీగలు రెండింటినీ ఒకదాని వైపు ఒకటి నొక్కింది. మెత్తల మధ్య సందు తగ్గితే ఫ్రేము ముక్కు దూలం మీద పైకెక్కి కూర్చుంటుంది. మూడు మిల్లీమీటర్లు, అంతే. దాంతోపాటు పుస్తకం చదివే భాగం కూడా పైకి లేస్తుంది. ఎదుటి మనిషి ముఖం మసకబారుతుంది. స్పష్టంగా చూడాలంటే ఒకటే మార్గం, తల దించాలి. గడ్డం గుండెకి ఆనేలా దించి, కనుబొమల కిందినుంచి చూడాలి. ప్యూనునైనా సరే, కాపలావాడినైనా సరే, ముందు బల్ల దగ్గరి పిల్లనైనా సరే.

అన్నాచ్చి అద్దాలని మురుగన్ పటం ముందు ఒకసారి తిప్పి తెచ్చాడు. వైరవనాథన్ తూర్పుకి తిరిగి, కళ్ళు మూసుకుని పెట్టుకున్నాడు. కళ్ళు తెరిచి, "కొంచెం మసకగా ఉందేమ్మా," అన్నాడు.

"కొత్త కదా సార్, అలవాటు కావాలి. తల కొంచెం దించండి. ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

"అంతే సార్. అలాగే చూడండి."

ఆయన తల దించుకుని మెట్లు దిగి వెళ్ళాడు. ఇసక్కి గడప దాకా వచ్చి, ఆయన కారెక్కేదాకా చూసింది. కారు డ్రైవరుకి కూడా తలవంచే ఏదో చెప్తున్నాడు. ఆ మధ్యాహ్నం ఆమెకి పెరుగన్నంలో ఊరగాయ అక్కర్లేకపోయింది. అంత రుచిగా ఉంది ముద్ద.

తర్వాత నాలుగు రోజులూ ఆమె అదే తలుచుకుని నవ్వుకుంది. ఫ్రేములు తుడుస్తూ నవ్వింది, మర బిగిస్తూ నవ్వింది. "ఏంటి తాయీ, కలలో మొగుడు కనిపించాడా?" అన్నాడు అన్నాచ్చి. మొగుడు కాదన్నాచ్చీ, మేనేజరు అందామనుకుని నాలుక కరుచుకుంది.

మంగళవారం భోజనం వేళ యాళిని వచ్చింది. చెవి దగ్గర మర వదులైందట.

"మీ సార్ ఎలా ఉన్నాడు?" అంది ఇసక్కి, మర బిగిస్తూ, ఏమీ ఎరగనట్టు.

"అదే చెప్దామనుకున్నానక్కా. మనిషే మారిపోయాడు. తలెత్తి నడవడం లేదు. ఎవరెదురొచ్చినా తల దించుతున్నాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ తాతకి దించాడు, ఆ తాత కంగారుపడి దణ్ణం పెట్టేశాడు!"

ఇసక్కి కడుపులో పాలు పోసినట్టయింది. "తర్వాత?"

"తిట్టడం మానలేదనుకో. తలదించుకుని తిడుతున్నాడు. కానీ తలదించుకుని తిడితే తిట్టులా ఉండదక్కా, ఏదో బాధపడుతున్నట్టుంటుంది. ఆఫీసంతా ఒకటే మాట, సార్‌కి ఎంత అణకువ వచ్చిందో అని. నిన్న చెన్నై నుంచి చైర్మన్ గారి సెక్రటరీ వచ్చాడు. వెళ్తూ వెళ్తూ, పదవి దగ్గరపడే కొద్దీ తల వంచే మనిషిని ఇప్పుడే చూశాను, చైర్మన్ గారికి ఇలాంటివాళ్ళంటే ప్రాణం అన్నాడు. ఇక ఆ పోస్టు ఈయనకేనట."

ఇసక్కి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఈయనకేనట అక్కా. వస్తే మంచిదే, ఎందుకంటే..."

"మంచిదా!" ఇసక్కి గయ్‌మంది. "నలుగురిలో నీ అద్దాలు లాక్కుని నవ్విన మనిషికి పోస్టొస్తే మంచిదా? నీకు సిగ్గుండక్కర్లేదటే? ఉప్పూ కారం తినే నోరేనా నీది?"

"అది కాదక్కా, నేను చెప్పేది..."

"ఏం చెప్పకు. ఇదిగో నీ అద్దాలు, పో."

యాళిని ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఇసక్కి ఆ సాయంత్రమంతా ఫ్రేముల్ని టపటపా పడేస్తూ లోలోపల ఉడికిపోయింది. మెడ వంచింది తను. దండ పడబోయేది ఆ మెడలో. చెరపబోతే, వాడికి మేలు చేసిపెట్టింది! ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు.

బుధవారం పొద్దున్నే అన్నాచ్చి ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తకముందే వైరవనాథన్ వచ్చాడు. తల దించుకునే వచ్చాడు. ఒక చెయ్యి మెడ మీద ఉంది.

"అమ్మా, మెడ పట్టేసింది. రాత్రంతా నిద్ర లేదు. రేపే చైర్మన్ వచ్చేది. ఏదైనా చెయ్యి. కానీ ఈ ఫ్రేము మాత్రం మార్చకు. ఇది పెట్టిన వేళావిశేషం, అందరూ నన్ను నెత్తిన పెట్టుకుంటున్నారు."

ఇసక్కి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ వంగిన మెడనీ, ఆ మెడ మీద రాసుకున్న తైలం మెరుపునీ చూసింది. అంతలో ఆమెకి తట్టింది. ఈయనకి ఇంతకంటే పెద్ద శిక్ష తన చేతిలోనే ఉంది. పని సరిగ్గా చెయ్యడమే. నీ తల నీకిచ్చేస్తాను, దాంతో నువ్వే పోతావు అనుకుంది.

"ఫ్రేము ముట్టుకోను సార్. ముక్కు మెత్తలు మాత్రం చూస్తాను. మొన్న వేళ దాటిపోతోందని మీరు తొందరపెట్టారు కదా."

"వేళావిశేషం పోదు కదా?"

"అద్దంలో ఉన్నది అద్దంలోనే ఉంటుంది సార్."

పదమూడేళ్ళలో అంత శ్రద్ధగా ఆమె ఎవరికీ ఫిట్టింగ్ చెయ్యలేదు. తీగలు విడదీసింది. పెట్టి చూసింది, తీసింది, వెంట్రుకవాసి సవరించింది. రెండు మెత్తలూ ముక్కుకి సమానంగా ఆనాయో లేదో టార్చి వేసి చూసింది. చెవుల వెనక వంపు సరిచేసింది. పేపరు చదివించింది. ఎదురు బోర్డు చదివించింది. మెట్లు దింపి ఎక్కించింది.

వైరవనాథన్ గడ్డం నెమ్మదిగా పైకి లేచింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. ఎదురుగా మిఠాయి దుకాణం వైపు చూసి, "అబ్బో! అల్వా మీద ఈగలు కూడా కనిపిస్తున్నాయే!" అన్నాడు. కొట్టంతా కలియజూశాడు. "అన్నాచ్చీ, మీ షోకేసు మీద ఇంత దుమ్ముందేం? ఈవిడకి జీతం దండగ."

"రేపు వెళ్ళిరండి సార్," అంది ఇసక్కి. మనసు నిండా నవ్వుకుంది.

శనివారం సాయంత్రం నాలుగింటికి యాళిని వచ్చింది. మొన్నటి కోపం ఉంటుందేమోనని గడప దగ్గరే నిలబడింది. ఇసక్కే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"ఏమైందే? చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

"రాలేదక్కా. పోస్టు మదురై ఆఫీసు ఆయనకి ఇచ్చేశారు."

ఇసక్కి కౌంటరు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. "ఎలా? ఎలా పోయింది?"

"నేనే కాఫీలు పట్టుకెళ్ళాను, కళ్ళారా చూశాను. చైర్మన్ గారు ఎనభై ఏళ్ళ మనిషి. సార్ గదిలోకి తలెత్తుకుని వెళ్ళాడు. కూర్చోమనకముందే కూర్చున్నాడు. ఆయన ఏదో చెప్తుంటే మధ్యలో, మీ జేబు దగ్గర సిరా మరకుంది సార్ అన్నాడు. ఆయన చూపించిన కాగితంలో తప్పు పట్టాడు. చైర్మన్ గారు నెమ్మదిగా అద్దాలు తీసి తుడుచుకుని, వారం రోజులుగా మీ అణకువ గురించే వింటున్నాను, అదేంటయ్యా, ఇవాళ సెలవు పెట్టిందా అన్నారు."

ఇసక్కి నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అన్నాచ్చీ! ఎదురు కొట్లోంచి అల్వా తెప్పించండి, డబ్బులు నేనిస్తాను!"

యాళిని నవ్వలేదు. బ్యాగులోంచి ఆసుపత్రి చీటీ ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. లెన్సుల నంబరు రాసిన చీటీ.

"ఇదేంటే?"

"నెలాఖరు కాదు, సోమవారం నుంచే అన్నాడక్కా. కోపమంతా ఎవరి మీద తీర్చుకుంటాడు మరి. గోడౌన్లో ఆడపిల్లకి కనీసం బాత్రూం కూడా లేదు. ఇంకేం చేస్తాను?"

"పోస్టు పోయినవాడికి ఇంకా అంత పొగరా?"

"పోస్టు పోయింది కాబట్టే కదక్కా," అంది యాళిని. "ఆ పోస్టు వస్తే ఆయన చెన్నై వెళ్ళిపోయేవాడు. ఆయన కుర్చీలోకి, ఇప్పుడు ఆయన కింద ఉన్న మా ఎస్తర్ మేడం వచ్చేది. ఆవిడకీ నాలాంటి అద్దాలే. నువ్వు అద్దాలతోనే కూర్చో తల్లీ, నేనున్నాను కదా అని మాట కూడా ఇచ్చింది. మంగళవారం నీకు అదే చెప్పబోయాను. ఇక రిటైరయ్యేదాకా ఆరేళ్ళు ఆయన ఇక్కడే."

అన్నాచ్చి అల్వా పొట్లం తెచ్చి కౌంటరు మీద పెట్టి వెళ్ళాడు. ఎవరూ దాన్ని విప్పలేదు.

ఇసక్కికి దాచడం చేతకాదు, పగైనా తప్పైనా. "ఆ మెడ వంచింది నేనేనే," అంది. "బుధవారం ఎత్తిందీ నేనే." పట్టకారు తీసి, ఒక పాత ఫ్రేము మెత్తలు నొక్కి, విడదీసి చూపించింది. "నీ కోసమే చేశాను," అంది. అది నోట్లోంచి వచ్చాక తనకే సిగ్గేసింది. బుధవారం ఆ కుర్చీ ముందు నిలబడ్డప్పుడు ఈ పిల్ల ముఖం ఆమెకి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

యాళిని ఆ ఫ్రేము చేతిలోకి తీసుకుని, మెత్తలు తనూ ఒకసారి నొక్కి చూసింది.

"నన్నొక్క మాట అడగాల్సిందక్కా," అంది.

తర్వాత తన అద్దాలు తీసి, మడిచి, కౌంటరు మీద పెట్టింది. "ఎలా పెట్టుకోవాలో చూపించు. ఇంటి దగ్గర పాతవి పెట్టుకోబోతే నాకు చేతకాలేదు."

ఇసక్కి లేచి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. బీరువాలోంచి ఆ చీటీలోని నంబరు లెన్సు డబ్బా తీసి విప్పి, చూపుడు వేలి కొస మీద ఆ తడి పొరని నిలబెట్టింది. ఎడమ చేత్తో యాళిని కనురెప్ప పైకి లాగి పట్టుకుంది. ఆ కన్ను అప్పటికే ఎర్రగా ఉంది, వేలు దగ్గరికొచ్చేకొద్దీ బెదిరిపోతోంది.

"కదలకు," అంది. "తల పైకెత్తు. ఇంకొంచెం."

లెన్సు కంటికి అంటుకుంది. యాళిని పళ్ళు బిగించి, ఇసక్కి మణికట్టు గట్టిగా పట్టుకుంది. చెంప మీదుగా నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మండుతోందా?"

"మండుతోందక్కా. రెండోది కూడా పెట్టెయ్యి."